ధూల్‌పేట గంజాయి, కాంపౌండ్ కల్లు

2025 మార్చి 14, హోలీ నాడు హైదరాబాద్‌లోని ధూల్‌పేటలో ఎక్సైజ్ స్పెషల్ టాస్క్‌ఫోర్స్ పట్టుకున్న సరుకు జాబితా మిఠాయి కొట్టు పద్దులా ఉంది. కుల్ఫీ, బర్ఫీ, వెండి రేకు చుట్టిన గోలీలు. అన్నిట్లోనూ గంజాయి కలిపారు. అమ్మినవాడి మీద మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద కేసు పడింది. అదే పండగ పూట భంగు ఆకు నూరి ఠండాయిలో కలుపుకుని తాగితే మాత్రం ఆ చట్టం వర్తించదు. రెండూ ఒకే మొక్క నుంచి వచ్చినవే.

చట్టం గీసిన గీత అలాంటిది. మొక్క కొసన పూసిన పూత, గింజ కట్టిన కంకి గంజాయి. దాని బంక తీస్తే చరస్. కంకితో కలవని ఒట్టి ఆకు, ఒట్టి గింజ గంజాయి కావు. అందుకే భంగు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలకు వదిలేశారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడుస్తాయి. కుల్ఫీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మత్తుమందును మరో పదార్థంతో కలిపి పట్టుబడితే మొత్తం మిశ్రమం బరువునే లెక్కించాలని 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును అక్షరాలా పట్టుకుంటే కుల్ఫీలోని పాలూ చక్కెరా కూడా తూకంలోకి ఎక్కాల్సిందే.

గంజాయిని నిషేధించాలా, అదుపులో పెట్టి అమ్మనివ్వాలా అన్న వాదన మన దేశానికి కొత్తది కాదు. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో ఎవరో ప్రశ్న వేస్తే, ఇక్కడి ప్రభుత్వం ఏకంగా ఒక కమిషన్‌నే వేసింది. ఆ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో ‘గంజాయి వల్ల మతి చెడింది’ అని రాసి ఉన్న కేసులను ఒక్కొక్కటిగా తిరగేసింది. చాలావాటిలో ఆ మాటకు ఆధారమే దొరకలేదు. మితంగా వాడేవాళ్లకు పెద్ద హాని కనిపించలేదని, పూర్తి నిషేధం అక్కర్లేదని, పన్నూ లైసెన్సులతో అదుపు చేస్తే చాలని 1894లో నివేదిక ఇచ్చింది. సర్కారుకు పన్ను ఆదాయం మీద ఆశ లేదని కాదు. అయినా అంత ఓపికగా జరిగిన విచారణ ఆ తర్వాత ఈ దేశంలో మళ్లీ జరగలేదు.

ఆ లైసెన్సుల పద్ధతే దాదాపు 90 ఏళ్లు సాగింది. 1961లో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల ఒప్పందం గంజాయిని హెరాయిన్ పక్కన నిలబెట్టింది. వైద్యానికి తప్ప వాడకాన్ని ఆపడానికి 25 ఏళ్ల గడువిచ్చింది, ఆకును వదిలేసింది. ఆ గడువు ముగియకముందే, 1985 నవంబరు 14న ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. అంతవరకు దుకాణంలో కొనుక్కున్నవాడు తెల్లారేసరికి నేరస్థుడయ్యాడు. 2020 డిసెంబరులో ఇదే ఐక్యరాజ్య సమితికి చెందిన మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది. 27 ఓట్లు అనుకూలంగా, 25 వ్యతిరేకంగా పడ్డాయి. అనుకూలంగా పడ్డ ఓట్లలో భారత్‌ది ఒకటి. ఇంట్లో చట్టం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక ధూల్‌పేటకు వద్దాం. పురానాపూల్‌కీ మంగళ్‌హాట్‌కీ మధ్య ఇరుకు సందుల బస్తీ. వినాయక చవితికి నగరమంతా ఇక్కడి విగ్రహాలే కొంటుంది. సంక్రాంతికి పతంగులు కూడా ఇక్కడివే. ఇక్కడి లోధా కుటుంబాల పెద్దలు తమ పూర్వీకులు ఉత్తరాది నుంచి సైన్యంలో పనికి వచ్చి స్థిరపడ్డారని చెప్పుకుంటారు. కత్తి పట్టే కొలువు పోయాక మిగిలినవి మట్టి పని, కాగితం పని. రెండూ ఏడాదిలో కొన్ని నెలలే కూడు పెడతాయి. మిగతా నెలల్లో చాలా ఇళ్లకు తిండి పెట్టింది గుడుంబా బట్టీ.

తెలంగాణ ఏర్పడ్డాక 2015, 2016లలో ఎక్సైజ్ శాఖ గుడుంబా మీద దండెత్తింది. బట్టీలు పగలగొట్టారు, బెల్లం పానకం మోరీల్లో పారబోశారు, మళ్లీ మళ్లీ దొరికినవాళ్ల మీద ముందస్తు నిర్బంధ (పీడీ) యాక్టు పెట్టారు. వృత్తి మానుకున్నవాళ్లకు పునరావాసం పేరిట ఆర్థిక సాయమూ ప్రకటించారు. గుడుంబా నిజంగానే తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గుడుంబాకు బట్టీ కావాలి, కట్టెలు కావాలి, పొగ వస్తుంది, వాసన నాలుగు వీధులకు తెలుస్తుంది. గంజాయికి ఇవేవీ అక్కర్లేదు. కిలో మాల్ తెచ్చి కాగితంలో చిన్న చిన్న పుడియాలు కడితే ఇంట్లో కూర్చున్నచోటే బేరం. సరుకు మారింది, సందులు అవే, కొన్నిచోట్ల మనుషులూ వాళ్లే.

2024 జులైలో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ మొదలుపెట్టింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టర్ కమలాసన్ రెడ్డి ఆధ్వర్యంలో ఆగస్టు 31 కల్లా బస్తీని గంజాయి లేకుండా చేయాలన్నది లక్ష్యం. వరుసపెట్టి దాడులు, అరెస్టులు. మగవాళ్లు జైలుకు పోతే ఆడవాళ్లు పుడియాలు కట్టిన ఇళ్లు ఉన్నాయి, తర్వాత ఆ ఆడవాళ్లు కూడా కేసుల్లోకి వచ్చారు. గడువు దాటిన ఆరున్నర నెలలకు హోలీ కుల్ఫీ దొరికింది. ఐటీ కంపెనీల పక్కనున్న నానక్‌రాంగూడ పేరూ గంజాయి కేసుల్లో తరచూ వినిపిస్తుంది. కొనేవాడి జీతం పెద్దదైతే పుడియా ధరా పెద్దదే.

ఈ సరుకు పుట్టేది ధూల్‌పేటలో కాదు. వందల మైళ్ల అవతల, ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో. చింతపల్లి, జీకే వీధి, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో ‘శీలావతి’ రకం గంజాయికి దేశమంతా గిరాకీ. పెట్టుబడి బయటివాళ్లది, పొలం గిరిజనుడిది, కేసు కూడా గిరిజనుడిదే. 2021 చివర్లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయికి నిప్పు పెట్టారు. కాఫీ, రాజ్‌మా, పసుపు వేయమన్నారు. కొన్ని ఊళ్లు వేశాయి కూడా. సాగు మటుకు సరిహద్దు దాటి ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లోకి జరిగింది. అక్కడి సరుకు ఇప్పటికీ భద్రాచలం, ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు వస్తుంది, ఇక్కణ్ణుంచి జహీరాబాద్ దారిలో మహారాష్ట్రకు పోతుంది.

మధ్యలో దొరికేది మోసేవాడు. చట్టంలో 1 కిలో దాకా చిన్న మోతాదు, దానికి ఏడాది దాకా జైలు లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20. పైగా 37వ సెక్షన్ ప్రకారం, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. నాలుగు రాళ్ల కోసం బస్సులో 22 కిలోల సంచి పెట్టుకుని కూర్చున్న కూలీ, లారీల కొద్దీ పంపే వ్యాపారీ తూకం లెక్కలో ఒకే గాటన పడతారు. తేడా ఏమిటంటే వ్యాపారి బస్సులో కూర్చోడు. విశాఖ కేంద్ర కారాగారంలో పెద్ద వంతు ఖైదీలు గంజాయి కేసుల వాళ్లే. నిషేధాన్ని ఎత్తేయమనేవాళ్లకు ఇంతకంటే బలమైన వాదన లేదు.

వాళ్ల రెండో వాదన ఒకటుంది. నిషేధం తీసి లైసెన్సు ఇవ్వండి, పన్ను కట్టించుకోండి, ప్రభుత్వం తనిఖీ చేస్తుంది, కల్తీ పోతుంది, కొనేవాడికి ఏం తాగుతున్నాడో తెలుస్తుంది అంటారు. ఇంగ్లిషు పత్రికల్లో ఈ వాదన చదివితే ఎంతో సబబుగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో కల్లు కాంపౌండ్ గేటు ముందు నిలబడి చదివితే అంత సబబుగా ఉండదు.

ఎందుకంటే కల్లు అమ్మే ఈ కాంపౌండ్‌కు లైసెన్సు ఉంది. గీత కార్మికుల సొసైటీ ఉంది. తనిఖీ చేయాల్సిన ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. అన్నీ ఉన్నాయి, లేనివి చెట్లు. నగరంలో రోజూ అమ్ముడయ్యే కల్లుకు సరిపడా తాళ్లు, ఈతలు చుట్టుపక్కల ఎక్కడా లేవు. లోటును నీళ్లూ శాకరిన్ పూడిస్తే, కిక్కును రసాయనం పూడుస్తుంది. మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోఫాం అని జనం పిలిచే డైజెపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. చివరిది డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన నిద్రమాత్రల మందు. ఎన్‌డీపీఎస్ చట్టంలో దీనికి 100 గ్రాములే వాణిజ్య మోతాదు. అంటే సంచిలో పట్టుకుంటే పదేళ్లు, కుండలో కలిపితే సాయంకాలపు కల్లు.

2004లో వైఎస్ ప్రభుత్వం నగరంలో కాంపౌండ్లు మూయించింది. గీత కార్మికుల పొట్ట కొట్టారన్న కోపం పదేళ్లు రగిలింది. 2014లో కేసీఆర్ ప్రభుత్వం తిరిగి తెరిపించింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కాంపౌండ్ కల్లు తాగిన పలువురు చనిపోయారు. పదుల మంది నిమ్స్, గాంధీ ఆసుపత్రుల్లో చేరారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం బయటపడింది. రెండు నెలలు తిరిగాక, సెప్టెంబరులో, బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలో అల్ప్రాజోలం తయారీ దొరికింది. కింద పిల్లలకు పాఠాలు, పైన రియాక్టర్లు. ఇంత పెద్ద మందుల పరిశ్రమ ఉన్న నగరంలో మత్తుకు కొండలే ఎక్కనక్కర్లేదు.

అలాగని కల్తీ కల్లును ఒక్క దెబ్బతో ఆపేస్తే? అదీ చూశారు. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులకు భయపడి కల్లులో మందు తగ్గించేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనానికి చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, పిచ్చిపట్టినట్టు ప్రవర్తించారు. ఆసుపత్రుల వరండాలు నిండిపోయాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి మద్యం, కల్లు ఒకేసారి బంద్ అయినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు అదే దృశ్యం. అలవాటు పడ్డ ఒంటికి సరుకు అందకుండా చేయడం వైద్యం కాదని డాక్టర్లు అప్పుడు టీవీల్లో చెబితే, రెండు వారాలు అందరూ విన్నారు.

నిషేధం గురించి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది మద్యనిషేధం గొడవ మీదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నేళ్లపాటు ఒకే రాష్ట్రంలో కోస్తా పొడిగా, తెలంగాణ తడిగా ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా రద్దయింది. ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరా చేర్చిన ఘనత ఎన్టీఆర్ తొలి ప్రభుత్వానిది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చిందీ ఆయనే. 1997 ఏప్రిల్‌లో చంద్రబాబు ఎత్తేశారు. మధ్యలో నాటుసారా కాగింది, యానాం నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ సీసాలు వచ్చాయి, ఖజానా ఎండింది.

ఆ రెండేళ్లను విఫల ప్రయోగం అని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. అయితే దూబగుంట ఆడవాళ్లు అడిగింది ఎవరి సరదానో చెడగొట్టమని కాదు, మగాడి కూలి డబ్బు సగమైనా ఇంటికి రావాలని. మత్తును చట్టబద్ధం చేయాలని వ్యక్తి స్వేచ్ఛ పేరుతో మాట్లాడేవాళ్లు ఈ ఇంటి లెక్కను తరచూ మరిచిపోతారు. నిషేధం కోరే నాయకులకూ ఈ లెక్క గుర్తుండదు, ఎన్నికలప్పుడు తప్ప. 2023లో తెలంగాణ 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచింది. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లాటరీ తీయకముందే 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరాయి. ఒక మత్తు మీద యుద్ధం చేసే ఎక్సైజ్ శాఖే ఇంకో మత్తుకు అమ్మకాల లక్ష్యం చూసుకుంటుంది. గంజాయిని దుకాణంలో పెడితే అదీ ఇదే పద్దులో చేరుతుంది.

బయటి దేశాల అనుభవం ఏం చెబుతుంది? పోర్చుగల్ 2001లో ఒక పని చేసింది. మత్తుమందు చట్టబద్ధం చేయలేదు, అమ్మకం నేరంగానే ఉంచింది. పది రోజుల వాడకానికి సరిపడే మోతాదు లోపు దొరికినవాణ్ణి మాత్రం కోర్టుకు కాక, వైద్యులూ సామాజిక కార్యకర్తలూ ఉండే కమిటీ ముందుకు పంపింది. చికిత్సకు డబ్బు పెట్టింది. సూదులతో హెచ్‌ఐవీ సోకడం బాగా తగ్గింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2021లో అదే బాట పట్టి, చికిత్స ఏర్పాట్లు అందుకోకముందే శిక్షలు తీసేసింది. వీధుల్లో ఫెంటానిల్ మరణాలు పెరిగాయి, జనం విసిగారు, 2024 సెప్టెంబరులో శిక్షలు తిరిగొచ్చాయి. కెనడా 2018లో, జర్మనీ 2024లో గంజాయిని అనుమతించాయి. థాయిలాండ్ 2022లో ఒక్కసారిగా గేట్లు ఎత్తి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ అడగడం మొదలుపెట్టింది. థాయిలాండ్ సంగతి మనకు దూరపు కబురు కాదు. బ్యాంకాక్ విమానాల్లో వచ్చే సూట్‌కేసుల్లో హైడ్రోపోనిక్ గంజాయి శంషాబాద్‌లో పదేపదే పట్టుబడుతోంది. ఇది మట్టి లేకుండా గదుల్లో పెంచే రకం, మత్తు చాలా ఎక్కువ. 1894 కమిషన్ చూసిన గంజాయి ఇది కాదు. చిన్న వయసులో ఇలాంటి ఘాటు రకాలకు అలవాటుపడితే మానసిక రోగాల ముప్పు పెరుగుతుందని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి.

పాతబస్తీ గల్లీల్లో సమస్య గంజాయితో ఆగదు. పంక్చర్ గమ్ము గుడ్డలో పిండుకుని పీల్చే పిల్లలున్నారు. దానికి వాళ్ల మాట ‘సొల్యూషన్’. అది సైకిల్ షాపులో దొరుకుతుంది, ఎన్‌డీపీఎస్‌లో లేదు, కాబట్టి ఏ టాస్క్‌ఫోర్స్ లెక్కలోకీ రాదు. నిద్రమాత్ర నైట్రావెట్‌ను చీటీ లేకుండా కొని మింగే కుర్రాళ్ల వార్తలు ఏళ్ల తరబడి వస్తున్నాయి. నిషేధమా, అనుమతా అన్న పెద్ద వాదనలో ఈ పిల్లలు ఎటువైపూ లేరు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం, 3.1 కోట్ల మంది భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడుతున్నారు. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందుకున్నారు. చట్టబద్ధంగా దొరికే మత్తుకే వైద్యం ఇలా ఉంటే మిగతావాటి సంగతి చెప్పేదేముంది.

ఈ లెక్కలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే రెండు పక్షాల్లో దేనికీ పూర్తిగా ఓటు వేయలేం. ధూల్‌పేట అనుభవం నిషేధవాదుల మాటను ఒప్పుకోనివ్వదు, కల్లు కాంపౌండ్ అనుభవం లైసెన్సు వాదుల మాటను నమ్మనివ్వదు. కల్లు కుండలోకి అల్ప్రాజోలం రాకుండా ఆపలేని వ్యవస్థ రేపు గంజాయి దుకాణాన్ని శుభ్రంగా నడుపుతుందని ఎలా అనుకోవాలి? ఆ సామర్థ్యం రుజువు చేసుకునేదాకా దుకాణం తెరవకపోవడమే మంచిది. పుడియాతో దొరికిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి జైల్లో పెట్టడానికి మాత్రం దీన్ని సాకుగా చూపలేం. అక్కడ పోర్చుగల్ పద్ధతికి మన చట్టంలోనే సగం దారి ఉంది. ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసై వాడకం నేరంలోనో చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్నవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే రక్షణ పోతుంది. చిన్న మోతాదుతో దొరికినవాళ్లను జైలుకు కాక చికిత్సకు పంపేలా చట్టం మార్చాలని 2021లో సామాజిక న్యాయ శాఖ సూచించింది. ఆ మార్పు రాలేదు.

2025 జూన్ 26న తెలంగాణ ప్రభుత్వం తన యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు ‘ఈగల్’ అని కొత్త పేరు పెట్టింది. అమ్మేవాళ్ల మీద ఫిర్యాదుకు 1908 నంబరు ఉంది. మానాలనుకునేవాడికి కేంద్రం నడిపే ఉచిత నంబరు 14446. దానికి ఫోన్ చేస్తే పోలీసులు రారు, కౌన్సెలర్ మాట్లాడతాడు. ఈ సంగతి ధూల్‌పేట, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట గల్లీల్లో ఉర్దూలోనూ హిందీలోనూ తెలుగులోనూ గోడల మీద రాయించడానికి చట్టం మార్చనక్కర్లేదు, పార్లమెంటు కూర్చోనక్కర్లేదు.